తెగిన లింకుల లైన్‌మన్

తెగిన లింకు కనిపిస్తే లైను మామయ్యకు ముద్ద దిగదు. ఎవరి బ్లాగులోనైనా సరే, నొక్కితే తెరుచుకోని లింకు ఒక్కటుందని తెలిస్తే చాలు, సొంత ఇంటి కప్పు కారుతున్నంత కంగారు పడిపోతారు. ముప్పై నాలుగేళ్లు టెలిఫోను స్తంభాలెక్కి దిగిన మనిషి. రిటైరయ్యాక ఆఫీసువాళ్లు ఆయన నిచ్చెనను వెనక్కి తీసుకున్నారు గానీ, ఆ కంగారును ఆయన దగ్గరే వదిలేశారు.

ఈ పిచ్చి అంటించింది కోడలే. ఆమె లాండ్రీ షాపులో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. బట్టలతోపాటు వచ్చే మరకల మీద ఒక బ్లాగు రాస్తుంది. ఇంకు మరక, తుప్పు మరక, లిప్‌స్టిక్ మరక, ఎలా అయిందో ఎవరూ చెప్పని మరక, ఇలా వారానికొకటి చొప్పున నూట పది రాసింది. చదవడానికి రోజుకు నలుగురు వచ్చేవారు. ఆ నలుగురిలో ఒకరు తనే.

మంచి టూల్స్ వాడితే జనం వస్తారని ఎక్కడో చదివి, ఆమె ఆన్‌లైన్‌లో దొరికిన టూలల్లా తెచ్చి పెట్టడం మొదలుపెట్టింది. మామయ్య కుర్చీ లాక్కుని పక్కన చేరేవారు.

"ఇదేమిటమ్మాయ్?"

"ఫొటోల బరువు తగ్గించే టూలు, మామయ్యా. బరువు తగ్గితే పేజీ త్వరగా తెరుచుకుంటుంది."

ఆయన ఒకసారి తన పొట్ట వైపు చూసుకున్నారు.

మర్నాడు శీర్షికలకు మార్కులేసే టూలు వచ్చింది. 'కాలరు మీద మురికి' అన్న శీర్షికకు నూటికి ముప్పై ఒకటి వేసింది. "లెక్కల్లో నాకే ముప్పై ఆరు వచ్చాయి" అన్నారు మామయ్య సానుభూతిగా.

మూడోరోజు వచ్చింది అసలు టూలు. బ్లాగు చిరునామా ఇస్తే చాలు, అందులోని లింకులన్నీ తనే నొక్కి చూసి, పనిచేసేవాటిని పచ్చగా, చచ్చినవాటిని ఎర్రగా చూపిస్తుంది. ఆమె బ్లాగంతా పచ్చగా వచ్చింది. మామయ్య మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

"అంటే, స్తంభం ఎక్కకుండానే ఫాల్టు దొరుకుతుందన్నమాట."

"అంతే మామయ్యా."

"ఎవరి బ్లాగుకైనా?"

"ఎవరిదైనా."

"ముప్పై నాలుగేళ్లు ఇది ఎక్కడ దాక్కుందమ్మా?" అన్నారు ఆయన.

ఆ పూట నుంచి ల్యాప్‌టాప్ ఆయన ఒళ్లోకి మారింది. నాచు మొక్కల బ్లాగులు, పాత గడియారాల బ్లాగులు, పిల్లుల బ్లాగులు, ఒకటని కాదు. ఫాల్టు దొరికితే బ్లాగరుకు ఉత్తరం వెళ్లాల్సిందే. ఉత్తరం మొదలు ఎప్పుడూ ఒకటే. 'గౌరవనీయులైన బ్లాగరు గారికి, మీ నలభయ్యేడో వ్యాసంలో మూడో లింకు డెడ్. దయచేసి చూడగలరు.' ఆ తర్వాత ఏం రాసేవారో కోడలు చూడలేదు. పూటంతా తల వంచుకుని టకటకలాడిస్తుంటే, పాపం ఒంటి వేలితో టైపు కదా అనుకుంది.

ఇంట్లో కొడుకు పరిస్థితి వేరు. బాత్‌రూం తలుపు మీద మామయ్య దబదబా కొట్టేవారు.

"నాన్నా, పళ్లు తోముకుంటున్నాను."

"తోముకో, ఎవరొద్దన్నారు. చెవులతో విను. గుడ్లగూబల బ్లాగులో ఆరు లింకులు ఒకేసారి పోయాయి. కేబులే తెగినట్టుంది."

పళ్ల డాక్టరు దగ్గర నోరు తెరుచుకునే అడిగారట, మీకు బ్లాగుందా అని. ఉందన్నాడు ఆ డాక్టరు. పన్ను పీకించుకుని ఇంటికొచ్చి, నోట్లో దూది తీయకుండానే డాక్టరు బ్లాగులో రెండు ఫాల్టులు పట్టారు.

ఒక రోజు పన్నెండు గంటల వేళ లాండ్రీ షాపులోకి రొప్పుతూ వచ్చారు. ఒక కాలికి నల్ల చెప్పు, ఇంకో కాలికి గోధుమరంగు చెప్పు.

"అమ్మాయ్, దొరికింది."

"బీరువా తాళంచెవా?" అంది కోడలు ఆశగా. అది పోయి మూడు రోజులైంది.

"తాళంచెవిదేముంది, అదెక్కడికి పోతుంది. దీపస్తంభాల బ్లాగులో పోయిన లింకుందే, దానికి కొత్త చిరునామా దొరికింది. పాత పేజీలన్నీ దాచిపెట్టే సైటొకటి ఉందట, అందులో పట్టాను."

కోటు చేత్తో పట్టుకుని నిలబడ్డ కస్టమరు ఆయన్ని పైనుంచి కిందిదాకా చూసి, "బ్లాగు మీదేనా అండీ?" అని అడిగాడు.

"కాదండీ. ఎవరిదో తెలియదు" అన్నారు మామయ్య గర్వంగా.

ఇలా సాగుతుండగా ఒక పెద్ద బ్లాగరుకు ఉత్తరం వెళ్లింది. పొద్దున్నే లేవడం గురించి రాసే మనిషి, లక్షల మంది చదువుతారు. మామయ్య అక్కడ పదకొండు ఫాల్టులు పట్టారు. ఆ మనిషికి ఒళ్లు మండింది. ఉత్తరంలోని మొదటి రెండు వాక్యాలు తన బ్లాగులో అచ్చేసి, 'ఈ పెద్దాయనకు ఏ పనీ లేనట్టుంది, ఎవరైనా పేకముక్కలు కొనివ్వండి' అని రాశాడు.

షాపులో ఇస్త్రీ చేసే ఆవిడ ఫోను తెచ్చి చూపిస్తే, కోడలికి చెవులు వేడెక్కిపోయాయి. ఆ మనిషి మీద కోపం, మామయ్య మీద జాలి, ఈ టూలు తెచ్చింది తనే అన్న బాధ, మూడూ కలిసి ఇంటికి వచ్చేసరికి మాట కరుగ్గా వచ్చింది.

"ఇక చాలు మామయ్యా. ముక్కూమొహం తెలియనివాళ్లతో మాటలు పడటం మనకెందుకు?"

ఆయన అప్పటికే చదివినట్టున్నారు. "సరేనమ్మా" అని ల్యాప్‌టాప్ మూసి, గుడ్డతో తుడిచి, ఆమె బల్ల మీద పెట్టేశారు. రోజూ గంట సేపు వాదించే మనిషి ఒక్క మాటతో ఊరుకోవడం ఆమెకు ముల్లులా గుచ్చుకుంది.

మర్నాడు షాపులో ఉండబట్టలేక ఆ బ్లాగు మళ్లీ తెరిచింది. కింద రెండు వందల పైచిలుకు వ్యాఖ్యలున్నాయి. ఎంతమంది నవ్వారో చూద్దామని భయం భయంగా చదవడం మొదలుపెట్టింది.

'నాకూ రాశారు ఈయన. లింకు పోయిందన్నది రెండు వాక్యాలు. నా నాచు మొక్కల గురించి మూడు పేజీలు.'

'మా పిల్లికి కన్ను నయమైందా అని అడిగారు. ఆ సంగతి ఎప్పుడో రాశానని నేనే మర్చిపోయాను.'

'బ్లాగు మూసేద్దామని కూర్చున్న రోజు ఆయన ఉత్తరం వచ్చింది. మూసేముందు ఆ లింకొకటి బాగుచేద్దామని తెరిచాను. ఇంకా మూయలేదు.'

ఒకరి కింద ఒకరు, గడియారాలవాళ్లు, గుడ్లగూబలవాళ్లు, పళ్ల డాక్టరుతో సహా అందరూ బారులు తీరారు. చివర్లో ఎవరో, 'పేకముక్కలు మీరే ఉంచుకోండి, మాకు ఈయన ఉత్తరాలే కావాలి' అని రాశారు. కోడలు కౌంటరు ఇస్త్రీ ఆవిడకు అప్పజెప్పి, ఎవరిదో ప్యాంటు తాలూకు రసీదు చేతిలో ఉండగానే ఇంటికి పరుగెత్తింది.

మామయ్య కిటికీ దగ్గర కూర్చుని రేడియో విప్పుకుంటున్నారు.

"మామయ్యా, టూలు నిమిషంలో ఫాల్టు చెప్పేస్తుంది కదా. మరి బ్లాగు బ్లాగంతా మీరెందుకు చదివారు?"

దొంగతనం బయటపడ్డట్టు ఆయన స్క్రూడ్రైవరు కింద పెట్టారు.

"ఏం చెప్పమంటావమ్మా. ఎవరూ రాని చోట కూర్చుని ఎంత బాగా రాస్తున్నారో వాళ్లు. 'మీరు బాగా రాశారు' అని ఊరికే చెప్తే నమ్మరు. వీడు ఏదో అమ్మడానికొచ్చాడనుకుంటారు. నలభయ్యేడో వ్యాసంలో మూడో లింకు పోయిందన్నావనుకో, ఓహో, ఈయన అక్కడిదాకా వచ్చాడన్నమాట అని నమ్ముతారు. ఆ తర్వాత ఎంత మెచ్చుకున్నా చెల్లుతుంది."

కోడలు చేతిలోని రసీదు కిటికీలో పెట్టి, ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ పేకముక్కలాయన?"

"మంచివాడే. పొద్దున చూశాను, పదకొండూ బాగుచేసుకున్నాడు. నీ ల్యాప్‌టాప్ ముట్టుకోలేదులే, పక్కింటివాళ్ల ఫోనులో చూశాను."

"సరే, అది పోనివ్వండి. ఊరందరికీ రాశారు. మరి నాకు ఒక్క ఉత్తరమూ రాయలేదేం?"

మామయ్య నిజంగానే నొచ్చుకున్నారు. "నేనేం చేసేదమ్మా? నీ బ్లాగులో ఒక్కటీ తెగి చావదు. వారం వారం చూస్తూనే ఉన్నాను. ఎప్పుడు చూసినా పచ్చగా కళకళలాడుతుంటుంది."

కోడలు గదిలోకి వెళ్లింది. ఇంకు మరకల వ్యాసం తెరిచి, రెండో లింకులో ఒక అక్షరం చెరిపేసింది. ల్యాప్‌టాప్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టి, "నిన్నటి మాట వెనక్కి తీసుకున్నాను. మీ డ్యూటీ మీరు చేసుకోండి" అని షాపుకు వెళ్లిపోయింది.

ఆమె వీధి మలుపు తిరగకముందే లోపల కుర్చీ కిర్రుమంది.

సాయంత్రం కౌంటరు దగ్గర ఉండగా ఆమె ఫోనుకు ఉత్తరం వచ్చింది. నాలుగు పేజీలు.

'గౌరవనీయులైన బ్లాగరు గారికి, మీ ఇంకు మరకల వ్యాసంలో రెండో లింకు డెడ్. దయచేసి చూడగలరు. మీ నూట పది వ్యాసాలూ రెండేసి సార్లు చదివాను. మీరు మరక గురించి రాస్తుంటే ఆ చొక్కా తొడుక్కున్న మనిషి కళ్ల ముందు కనిపిస్తాడు. మీరు ఒక్కరినీ చులకన చేయలేదు, తుప్పు మరకను కూడా.'

ఆమె కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని, పేజీలు తిప్పి చివరికి వచ్చింది.

'ఇంకొక మనవి. ఈ వ్యాసం చదివిన ఉత్సాహంలో మా అబ్బాయి నీలం చొక్కా మీద ఇంకు మరక తీశాను. మరక పోయింది. నీలం కూడా పోయింది. తప్పు నాదే. మందులో నీళ్లు కలపాలని మీరు ఏడో వాక్యంలో స్పష్టంగా రాశారు. నేను ఆనందం పట్టలేక ఆరో వాక్యం దగ్గరే లేచిపోయాను. ఈ సంగతి మా అబ్బాయికి తెలియనివ్వకండి. ఇట్లు, లైన్‌మన్, రిటైర్డ్.'

కౌంటరు మీద తల ఆనించి ఆమె ఎంతసేపు నవ్విందో తెలియదు. తర్వాత లింకు సరిచేసి, ఏడో వాక్యాన్ని తీసుకొచ్చి వ్యాసం మొదట్లో లావు అక్షరాలతో పెట్టింది.