పదమూడు వారాల లాడ్జి

2018 మే మొదటి వారంలో 'రాజవ్వ లాడ్జి' అనే హాస్య సీరియల్‌కు నన్ను ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా వేశారు. అప్పటికి హైదరాబాద్‌లోని ఒక తెలుగు ఛానెల్లో పంతొమ్మిదేళ్ల సర్వీసు నాది. ఈ హోదా పేరు వినగానే డబ్బు పెట్టే నిర్మాత అనుకుంటారు చాలామంది. కాదు. సీరియల్ తీసేది బయటి నిర్మాణ సంస్థ. దానికీ ఛానెల్‌కూ నడుమ నిలబడి కథ ఒప్పుకోవడం, నటులను ఖాయం చేయడం, తీసిన ఎపిసోడ్ చూసి ప్రసారానికి పంపడం మా పని. వాళ్ల తిట్లు వీళ్లకూ, వీళ్ల తిట్లు వాళ్లకూ మోసే ఉద్యోగం అని మా ఆయన అనేవారు. అందులో అబద్ధమేమీ లేదు.

'రాజవ్వ లాడ్జి'ని మా భాషలో స్పిన్-ఆఫ్ అంటారు. నడుస్తున్న సీరియల్లో జనానికి నచ్చిన ఒక పాత్రను బయటికి తెచ్చి, ఆ పాత్ర చుట్టూ వేరే కథ అల్లడమన్నమాట. మాకు మూడేళ్లుగా 'నల్లా కాడ' అని ఒకటి నడుస్తుండేది. బొగ్గుగని కాలనీ ఆడవాళ్ల కథ. అందులో రాజవ్వ అనే పెద్దామె వచ్చి రెండు మాటలు అనేసి పోయేది, ఆ రెండు మాటల కోసమే జనం టీవీ ముందు కూర్చునేవాళ్లు. ఆ రాజవ్వ తన ఈడు ఆడవాళ్లను ఇద్దరిని కలుపుకొని, కరీంనగర్‌లో మూతపడిన లాడ్జిని మళ్లీ తెరవడం కొత్త సీరియల్ కథ.

రాజవ్వ వేషం వేసింది నర్సవ్వ. మందమర్రి మనిషి. భర్త గనిలో పనిచేసి, రిటైరైన రెండేళ్లకే పోయాడు. ఆమె బడిలో మధ్యాహ్న భోజనం వండేది. 'నల్లా కాడ' షూటింగ్ వాళ్ల వాడలో జరుగుతుంటే చూడ్డానికి వచ్చి, బిందె పట్టుకున్న మా నటిని చూసి, "గట్ల నిలవడి ఎవ్వలన్న నీళ్లు పడ్తరా?" అని నలుగురిలో దెప్పింది. డైరెక్టర్ ఆ ఒక్క మాటకే ఆమెను కెమెరా ముందుకు తెచ్చాడు. కొత్త సీరియల్లో తనే ముఖ్యపాత్ర అని తెలిశాక, బడి వంట పనిని ఇంకొకామెకు పూర్తిగా వదిలేసి కరీంనగర్ వచ్చింది. అప్పుడామెకు అరవై ఆరేళ్లు.

షూటింగ్ మొదలవడానికి పద్దెనిమిది రోజుల ముందు నాకు ఎఫ్‌పీసీ వచ్చింది. వారంలో ఏ గంటకు ఏ కార్యక్రమం వేయాలో గళ్లు గీసి చూపించే పట్టిక అది. పైవాళ్లు కాక, మాలాంటి ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్లు మాత్రమే చూస్తారు. మా గడిలో పదమూడు వారాలు 'రాజవ్వ లాడ్జి' అనీ, పద్నాలుగో వారం నుంచి ఒక డాన్సు పోటీ అనీ రాసి ఉంది. ఆ పోటీ సిద్ధమయ్యేదాకా ఖాళీ నింపడానికే మమ్మల్ని పెట్టారన్నమాట. బాగా ఆడినా ఆడకపోయినా అంతే. ఈ సంగతి నటులకు చెప్పకూడదు. ఆగిపోతుందని తెలిస్తే మనసు పెట్టి పనిచేయరని మాకు నేర్పిన నీతి. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని నేనూ నోరు మూసుకున్నాను.

జూన్ ఆఖర్లో ముహూర్తం షాట్. మొదటిరోజు మొదటి షాట్‌ను యూనిట్ అంతా శుభకార్యంగానే చూస్తుంది. కొబ్బరికాయ కొడతారు, కెమెరాకు హారతిస్తారు. లాడ్జి వంటింట్లో రాజవ్వ పాలు పొంగించే సన్నివేశాన్ని ఆ షాట్‌కు పెట్టుకున్నాం. నర్సవ్వ మేకప్ వేసుకుని వచ్చింది గానీ పొయ్యి దగ్గరికి రాలేదు. పాలు పొంగించాల్సింది ముత్తైదువ అనీ, తనకు భర్త లేడనీ ఆమె పట్టింపు. రెండో ముఖ్యపాత్ర వేసే సుగుణ కరీంనగర్‌లో నాటకాలాడిన మనిషి, భర్త ఉన్నాడు. ఆమెతో చేయించమంది.

ఇదంతా నటనే కదా అన్నాను నేను.

"నటనైతే నటనే గాని బిడ్డా, పొయ్యి అసలుది, పాలు అసలుయి," అంది.

డైరెక్టర్ కథ మార్చడానికి సిద్ధపడ్డాడు. నేనే ఒప్పుకోలేదు. పట్నంలో చదువుకున్నానన్న పొగరు నాకు కొంచెం ఎక్కువే. "లాడ్జి నీది, పొయ్యి నీది. నువ్వే పొంగియ్యాలె అవ్వా," అన్నాను. ఏమన్నా అయితే మళ్లీ నన్ననొద్దు అంది. "ఏం కాదు, పూచీ నాది," అన్నాను. పట్టిక నా బ్యాగులోనే ఉంది.

ఒక్క టేకులో పాలు చక్కగా పొంగాయి. అందరూ చప్పట్లు కొట్టారు. నర్సవ్వ మాత్రం చేతులు కొంగుకు తుడుచుకుంటూ దేవుడి పటం వైపు చూసింది.

ఆ తర్వాతి రోజులు నా ఉద్యోగంలో నేను చూసిన మంచి రోజుల్లో కొన్ని. మేము తీసుకున్నది బస్టాండు దగ్గర నిజంగానే మూతపడి ఉన్న లాడ్జి. బోర్డు మార్చి లైట్లు వేసేసరికి నిజం ప్రయాణికులు రావడం మొదలైంది. ఖానాపూర్ నుంచి ఆస్పత్రి పని మీద వచ్చిన ఒక జంట, కెమెరా నడుస్తుండగానే కౌంటర్ దగ్గరికి వచ్చి గది కావాలన్నారు. నర్సవ్వ తడబడలేదు. "ఎవ్వలింటోళ్లు మీరు? తిన్నరా?" అని అడిగింది. కూర్చోబెట్టి చాయ్ తెప్పించి, వాళ్లు తాగాక చెప్పింది, ఇది ఉత్తుత్తి లాడ్జి అని. వాళ్లను అడిగి ఆ ముక్కను ఎపిసోడ్‌లో ఉంచేశాం. అప్పటినుంచి కథలో రాజవ్వ వచ్చినవాళ్లందరినీ ఆధార్ కార్డుకు ముందు తిన్నరా అనే అడిగేది. దుబాయి నుంచి వచ్చి మొహం చెల్లక ఇంటికి పోలేనివాడు, పెళ్లివారి గోల భరించలేక పారిపోయి వచ్చిన పెళ్లికొడుకు మేనమామ, అందరికీ అక్కడ అన్నం పెట్టి తిట్టేవాళ్లు ఆ ముగ్గురు. రేటింగులు పరవాలేదనిపించుకున్నాయి. పరవాలేదన్నదానికి పట్టిక మారదు.

పన్నెండో వారంలో ఆపివేత కాగితం వచ్చింది. అందులో కారణం రాయరు, 'ఛానెల్ నిర్ణయం మేరకు' అని ఉంటుంది. ఆఖరి రోజు సామాను సర్దుతున్నప్పుడు లైట్ల మనిషి ఒకడు, "ముహూర్తం నాడే అనుకున్నం, గిట్లయితదని," అని పక్కవాడితో అన్నాడు. నర్సవ్వ నాలుగడుగుల దూరంలో ఉంది. విన్నది. నేనూ విన్నాను. అప్పుడే ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. రహస్యం కాపాడటం ఉద్యోగ ధర్మమని నాకు నేను చెప్పుకొని కారెక్కాను.

మరుసటేడు ఫిబ్రవరిలో సుగుణ ఫోన్ చేసింది. నర్సవ్వ మనవరాలి పెండ్లి కుదిరిందట. కానీ ముసలామె పనులేవీ ముట్టుకోవడం లేదట. పసుపు దంచే చోటికి రాదట, పెండ్లి రోజు పందిట్లో అడుగు పెట్టనంటోందట. తన చెయ్యి పడి యూనిట్లో నలభై మంది పొట్ట కొట్టిందనీ, పిల్ల కాపురానికి అది తగలకూడదనీ ఆమె భయం. ఆమె రాకపోతే పీటల మీద కూర్చోనని మనవరాలు మొండికేసింది. ఇల్లంతా పరేషాన్.

ఆ పాత పట్టిక ప్రింటు తీసుకొని మర్నాడు మందమర్రి వెళ్లాను. ఆఫీసు కాగితం బయటికి తీసుకుపోవడం నేరం. ఉద్యోగానికి ముప్పు రావచ్చని తెలుసు. భయమూ వేసింది. కానీ ఆ పిల్ల పీటల మీద కూర్చునే ముందు వాళ్ల నాయనమ్మ భయం పోవాలి, దానికి నా దగ్గర ఇంతకంటే సాక్ష్యం లేదు.

నర్సవ్వకు చదువు రాదు. మనవరాలి చేతికిచ్చాను. ఆ పిల్ల పదమూడు వారాలూ, ఆ తర్వాతి డాన్సు పోటీ, పైన ఉన్న తేదీ చదివింది. మళ్లీ ఒకసారి చదవమంది నర్సవ్వ. వేళ్ల మీద లెక్క చూసుకుంది.

"అంటే ముహూర్తం గాకముందే ఆపుడు ఖాయమైందా?"

అవునన్నాను. ఆమె పాలకూ, ఆమె చేతికీ ఇందులో సంబంధం లేదన్నాను. పెద్దగా ఊపిరి పీల్చుకొని, కళ్లు తుడుచుకుంది. నాకూ గుండె తేలికపడింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"నీకెర్కుండే నాతోని పొంగిచ్చినవు గదా బిడ్డా. గిన్ని నెలలు నా చెయ్యే పాడుదని నేనేడుస్తుంటే, నువ్వు పట్నంల సప్పుడు జెయ్యక కూసున్నవు." మళ్లీ తనే అంది, "ముందుగాల చెప్తే నేను రాకపోదునా? మూన్నెల్లకే అంటే మూన్నెల్లకే వస్తుంటి. బడిల వంటకు గూడ ఎవ్వలనన్న మూన్నెల్లకే పెట్టి వస్తుంటి. ఇప్పుడు గా పని గూడ పాయె."

క్షమించమన్నాను. ఆమె లోపలికి వెళ్లిపోయింది. వచ్చినవాళ్లను తిన్నారా అని అడగకుండా ఉండలేని మనిషి, నన్ను అడగలేదు. మనవరాలు గడప దాకా వచ్చి కాగితం తిరిగిచ్చింది.

పెండ్లి పనుల్లో నర్సవ్వే ముందుండి నడిపించిందనీ, మనవరాలు పట్టుబట్టి తలంబ్రాల బియ్యం ఆమెతోనే కలిపించిందనీ తర్వాత సుగుణ చెప్పింది. నన్ను పిలవలేదు. పిలుస్తుందేమోనని వారం రోజులు ఎదురుచూసిన మాట నిజం.

ఆ తర్వాత రిటైరయ్యే దాకా నాలుగేళ్లు, ఏ నటుడితో మాట్లాడినా ఎన్ని వారాల పనో పట్టిక చూసి మొదటే చెప్పాను. అందుకు రెండు మెమోలు అందుకున్నాను. ఇద్దరు నటులు తక్కువ వారాలని రామన్నారు, వేరేవాళ్లను వెతుక్కున్నాను. తెలిస్తే మనసు పెట్టరన్న మాట మాత్రం అబద్ధం. తెలిసినవాళ్లు ఇంటి పనులు ఆ లెక్కకు సర్దుకొని వచ్చారు, ఆఖరి రోజు దాకా బాగానే చేశారు. పని ఎప్పుడు ముగుస్తుందో తెలిసినవాళ్లు, దాని కోసం ఇంకో పని వదిలి వచ్చేవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి. తర్వాత చెబితే అది నిజమే అవుతుంది గానీ, చెప్పినట్టు కాదు. నర్సవ్వ ఇప్పటికీ నా ఫోన్ ఎత్తదు.