కమాను కింద పది నిమిషాలు

మొన్న చేవెళ్ల బస్సులో వస్తుంటే కండక్టర్ "కమాన్ దిగేటోళ్లు ముందుకు రండి" అని కేక వేశాడు. నా పక్కన కూర్చున్న అమ్మాయి, కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లలో ఉంటుందట, కిటికీలోంచి అటూ ఇటూ చూసి "కమాను ఎక్కడుందండీ?" అని అడిగింది. లేదమ్మా, కూలగొట్టి చాలా ఏళ్లయింది అన్నాను. మరి పేరెందుకు ఉంచారు అంది. చెప్పేలోపే స్టేజి వచ్చి దిగిపోయాను.

ఆ కమాను కట్టించింది మా నాన్న. సర్పంచి అయిన మొదటి ఏడాదే ఊరి మొదట్లో, రోడ్డు మీద తోరణంలా, తాత పేరు చెక్కించి మరీ కట్టించాడు. ఎత్తు ఎంత అని మేస్త్రీ అడిగితే, నిండా గడ్డి వేసిన ఎడ్లబండిని తెచ్చి నిలబెట్టి, దాని మీద ఇంకో జానెడు వదలమన్నాడట. అంత జాగ్రత్త మనిషి. అయితే మా ఊళ్లో కొత్త రోడ్డు వేయడమంటే పాత రోడ్డు మీదే పోయడం. నాన్న రెండుసార్లు పోయించాడు. తరువాత వచ్చిన సర్పంచులు తలోసారి పోయించారు. హైటెక్ సిటీ జీతాలు మా చేలల్లో ఫాంహౌస్‌లుగా మొలవడం మొదలయ్యాక వాళ్ల కార్లు కుదుపు లేకుండా పోవాలని మరో పొర. కమాను ఎక్కడిదక్కడే ఉంది, నేలే లేస్తూ వచ్చింది. గడ్డి బండ్లు చేన్ల బాట పట్టాయి. బస్సు కమాను ముందే తిరిగిపోయేది. మేమంతా నడిచిపోతూ కాళ్లకు మంచిదేలే అనుకునేవాళ్లం.

మా మేనత్త, అంటే నాన్నకు అక్క, మా ఇంటి ఎదురుగా రెండు గదుల పెంకుటింట్లో ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే నాన్నను పెంచింది ఆవిడే. మోకాళ్ల నొప్పులతో ఎక్కువగా వెనక గదిలోనే పడుకునేది. ఒక మధ్యాహ్నం ముందు గదిలో గ్యాసు పైపు అంటుకుంది. బయటికి దారి ఆ గదిలోంచే. వెనక కిటికీకి దొంగల భయంతో నాన్న వేయించిన ఇనుప చువ్వలు. నేను ఆ రోజు బడికి సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నాను. భూముల బేరాలకు తప్ప మోగని నాన్న సెల్‌ఫోను లాక్కుని ఫైరింజన్‌కు ఫోన్ చేశాను. ఊరంతా బిందెలతో నీళ్లు చల్లుతోంది కానీ గుమ్మం దగ్గరికి ఎవరూ పోలేకపోతున్నారు.

అనుకున్న దానికంటే ముందే సైరన్ వినబడింది. ప్రాణం లేచివచ్చింది. ఆ చప్పుడు దగ్గరికి వచ్చి, ఒకచోట ఆగిపోయింది.

నాన్నా నేనూ పరుగెత్తాం. బండి పైన కట్టిన నిచ్చెన సరిగ్గా తాత పేరుకు తగులుతోంది.

"కూలగొట్టున్రి సార్," అన్నాడు నాన్న.

"గంత టైం లేదు పెద్దాయనా. లోపట ఎంతమంది ఉన్నరు?" అన్నాడు ఫైరింజన్‌తో వచ్చిన ఆఫీసరు.

"ఒక్కతే. మా అక్క."

"ఏ గదిల? నడుస్తదా?"

అంతే అడిగాడు. నిచ్చెన విప్పించాడు. ఇద్దరు దాన్ని భుజాన వేసుకుని మా వెంట పరుగెత్తారు. మిగిలినవాళ్లు బండి ఎత్తు తగ్గేలా టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టారు. నిచ్చెన గోడకు వేసి, పెంకులు తీసి, ఒకతను పొగలోకి దిగాడు. అత్తను వీపుకు కట్టుకుని పైకి వచ్చాడు. అప్పటికి బండి కమానును రాసుకుంటూ లోపలికి వచ్చింది, నీళ్లు పడ్డాయి.

అత్త బతికింది. మంట లోపలికి రాకుండా, కాలుతున్న నడిమి తలుపును కుడిచేత్తో అదిమి పట్టుకుని కూర్చుందట. ఆ చేతి వేళ్లు మళ్లీ తెరుచుకోలేదు.

వాళ్లు వెళ్లబోతుంటే నాన్న ఆ ఆఫీసరు ముందు చేతులు జోడించాడు. "ఆ కమాన్ కట్టిచ్చింది నేనే సార్. అది లేకుంటే?"

అతను ఆ చేతులు పట్టుకుని దించాడు. "పది నిమిషాలు ముందొస్తుంటిమి. మనిషి దక్కింది గద, ఫికర్ చెయ్యకు."

మర్నాడు నాన్న సమ్మెట పట్టాడు. సాయంత్రం దవాఖానలో అత్త కోప్పడింది. "నాయిన పేరు కూలగొడ్తవా తమ్మీ?"

"నాయిన ఉంటే నాకంటె ముందు ఆయనే కూలగొడ్తుండె అక్కా."

అత్త ఎడమచేత్తో తినడం నేర్చుకుంది, వడ్డించడం కూడా. ఆవిడ వడ్డిస్తుంటే నాన్న విస్తరిలోంచి తల ఎత్తేవాడు కాదు. నాకు ఆయన మీద జాలి వేసేది, అత్త మీద కంటే ఎక్కువగా. చివరి రోజుల్లో ఎవరైనా "పది నిమిషాల్లొస్త" అని బయలుదేరితే, "పది నిమిషాలంటే ఎంతో ఎరుకేనా?" అని అడిగేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు.

ఇప్పుడు ఇద్దరూ లేరు. రోడ్డు ఇంకో రెండు పొరలు లేచింది. ఏళ్లకేళ్లు ఇట్టే గడిచిపోయాయి కానీ, ఆ పది నిమిషాలు మాత్రం మా ఇంట్లో ఇంకా గడవలేదు.