రజాక్ కలిపించిన ఓట్లు

సైకిల్ దుకాణం రజాక్ దేనికీ ఒక్కమాటన ఒప్పుకునే మనిషి కాదు. మంగలి గడ్డం గీస్తుంటే అద్దం వంకరగా ఉందని ఆపించేవాడు. సొంత నిఖాలో ఖాజీ "కుబూల్ హై?" అని అడిగితే, "జర పిల్ల పేరు మళ్ల చదువుండ్రి, తప్పు పలికిండ్రు" అన్నాడు. పరదా అవతల వజీరున్నీసా నవ్వాపుకోలేక దగ్గింది.

ఈ గుణం చూసే జలపతిరావు దొర ప్రతి ఎన్నికకూ అతన్ని తన తరఫున ఓట్ల లెక్కింపులో కూర్చోబెట్టేవాడు. ముద్ర కాస్త గీత మీద పడితే చాలు, రజాక్ ఆ ఓటు చెల్లనిచ్చేవాడు కాదు. అధికారులు తలనొప్పి గోలీలు వెంట తెచ్చుకునేవారు.

మండలాలు వచ్చిన కొత్తలో జరిగిన ఎన్నిక అది. అంతకు ముందటిసారి గుట్టకింది గూడెం పెట్టెను విడిగా లెక్కపెట్టారు. అందులో ఒక్క ఓటూ దొరకు పడలేదని తేలింది. వారం తిరగకముందే దొర మనుషులు గూడెంలో కొండల్‌ను కొట్టి చంపారు. సాక్ష్యం చెప్పడానికి ఎవరూ రాలేదు.

ఈసారీ లెక్కింపు జరిగే మంథని బడిలోకి ఆ పెట్టె రాగానే దొర అధికారి పక్కకు వచ్చాడు.

"గిది అలగ్ లెక్కవెట్టుండ్రి."

అధికారి తల వంచుకున్నాడు. రజాక్ లేచి నిలబడ్డాడు.

"నేనొప్ప."

"నువ్వు నా మనిషివి గదరా," అన్నాడు దొర.

"గందుకే చెప్తున్న దొరా. దీని సీలు పగిలినట్టున్నది. అలగ్ లెక్కవెడితే రేపు అవతలోళ్లు కోర్టుకు పోతరు. అన్నిట్ల కలిపితే అడిగెటోడే ఉండడు."

సీలు బాగానే ఉందన్నాడు అధికారి. రజాక్ లక్కను గోటితో గీకి చూపించాడు. వెలుతురు చాలదని కిటికీ తెరిపించాడు, గాలి వస్తోందని మూయించాడు. అన్నాల వేళ దాటిపోయింది. చివరికి అధికారి విసిగిపోయి, ఆ పెట్టెను తానే కుప్పలో బోర్లించి రెండు చేతులా కలియబెట్టాడు.

దొర గెలిచాడు. గూడెం ఎటు వేసిందో మాత్రం తేలలేదు. ఆ నెలలోనే రజాక్ దుకాణం కాలిపోయింది. ఎవరు కాల్చారో పోలీసులు చెప్పలేకపోయారు. వజీరున్నీసా అడిగితే, "కరెంటు వైరు తాకింది" అన్నాడు. ఆ దుకాణానికి కరెంటే లేదు. తర్వాత బస్టాండు గోడ పక్కన కూర్చుని పంక్చర్లు వేశాడు.

ఏళ్లు గడిచాక, ఇక ఓట్లకు మిషన్లు వస్తాయంటూ ఓ అధికారి ఒక మిషన్ తెచ్చి జనానికి చూపించాడు.

"ఏ ఊరి లెక్క ఆ ఊరికి నిమిషంల చెప్తది."

"మరి దీంట్ల ఓట్లెట్ల కలుపుతరు సార్?" అని అడిగాడు వెనక నిలబడ్డ రజాక్.

జనం నవ్వారు. గూడెం వాళ్లతో వెనక కూర్చున్న కొండల్ భార్య కనకవ్వ నవ్వలేదు. పాత అనుమానం తీరని దొర ముందు కుర్చీలోంచి ఆమె వైపు తిరిగాడు.

"గీ రజాక్ నీకెరుకనా?"

"నాకు సైకిలే లేకపాయె. గాయన నాకెట్ల ఎరుక దొరా?" అంది కనకవ్వ.

దొర ముఖం తిప్పుకున్నాక, ఆమె కింద పరుచుకున్న గొంగడి మీద కాస్త జరిగి రజాక్‌కు చోటిచ్చింది.