కాలువ దాటించిన బంతి

మా ఊళ్లో చిర్రగోనె ఆడిన ఆడపిల్లను నేనొక్కదాన్నే. గొప్ప కోసమే చెబుతున్నాను. జానెడు పుల్లను, అదే చిర్రను, గోనె కర్రతో కొసన తట్టి గాలిలోకి లేపి, అది కింద పడేలోపు కొట్టానంటే మగపిల్లలు చేన్లకు అడ్డంపడి పరుగెత్తేవాళ్లు. పెళ్లయి, పిల్లలు పెద్దవాళ్లయినా ఆ చెయ్యి నన్ను వదల్లేదు. గోల్ఫ్‌లో నన్ను ముప్పుతిప్పలు పెట్టింది కూడా ఆ చెయ్యే.

గోల్ఫ్ మా ఇంటికి దుబాయి నుంచి వచ్చింది. మా ఆయన అక్కడ ఒక గోల్ఫ్ మైదానంలో గడ్డి పెంచే పనిలో ఉండేవాడు. ఎండలో నీళ్లు పెట్టి, కలుపు తీసి, కత్తిరించి తివాచీలా ఉంచింది ఆయన, ఆడింది వేరేవాళ్లు. పని లేనప్పుడు ఆ గడ్డి మీద నిలబడనిచ్చేవాళ్లు కూడా కాదు. ఇల్లు మారిపోతున్న ఒక పెద్దమనిషి తన పాత గోల్ఫ్ కర్ర ఒకటి, పిచింగ్ వెడ్జ్ అంటారు దాన్ని, కొన్ని బంతులతో సహా ఆయన చేతిలో పెట్టిపోయాడట. ఇక తిరిగి పోనని ఇంటికి వచ్చేసినప్పుడు గుడ్డలో చుట్టి వాటిని తెచ్చాడు. వచ్చిన కొత్తలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేవాడు కాదు. ఖానాపూర్ దగ్గరున్న మా చెలకలో, బోరుకూ కాలువకూ మధ్య చిన్న మడి చదును చేసి గడ్డి నాటాడు. ఆ గడ్డి పచ్చబడ్డాకే మనిషి కాస్త నవ్వడం మొదలుపెట్టాడు.

సాయంత్రం నా బీడీలు చుట్టే పని అయిపోయాక నాకు ఆట నేర్పేవాడు. ఆ వెడ్జ్ ముఖం వెనక్కి వాలి ఉంటుంది. దూరం కొట్టడానికి కాదు అది. దగ్గర్నుంచి బంతిని పైకి లేపి, మెత్తగా దించి, ఎక్కువ దొర్లకుండా ఆపడానికి. నేనేమో బంతి కనబడగానే చిర్రను లేపినట్టు మణికట్టు విదిలించేదాన్ని. వెడ్జ్ అంచు బంతి నడుముకు తగిలి, అది నేలబారున పోయి కాలువలో పడేది.

"నువ్వు లేపకే. నువ్వు కిందికి కొట్టు, లేపేది అది చూసుకుంటది" అనేవాడు.

"కిందికి కొడ్తే మీదికెట్ల పోతదయ్యా? నన్ను ఆగం చేస్తున్నవా?" అని కయ్యానికి దిగేదాన్ని.

చివరికి, బీడీకి పనికిరాని తునికాకు ముక్క ఒకటి తెచ్చి బంతికి నాలుగు వేళ్ల ముందు నేల మీద పెట్టాడు. ముందు బంతి తాకాలి, ఆ తర్వాతే ఆకు తెగాలి. బరువు ఎడమ కాలి మీద, చేతులు బంతి కంటే కాస్త ముందు, కర్ర నడుము దాకా లేస్తే చాలు. ఆకు మొదటిసారి తెగిన రోజు బంతి నా కళ్ల ముందే పైకి లేచి పిట్టలా గడ్డి మీద వాలింది. ఆ సంతోషం పట్టలేక ఈల వేశాను.

వానలు మొదలవగానే మా మామ పసుపు వేయడానికి ట్రాక్టర్ మాట్లాడుకుని వచ్చాడు. గడ్డి మడి దగ్గర నిలబడి, "బర్లను మేపనియ్యవు, పంట ఏయనియ్యవు. గిది ఎందుకురా? దున్నిస్త" అన్నాడు.

మా ఆయన తలవంచుకున్నాడు. ఆ తలవంచుకోవడం చూసేసరికి నాకు ఒళ్లు మండింది.

"మామా, గది ఆట జాగ. దున్నద్దు" అన్నాను.

"గన్నేండ్లు గదే కొలువు చేసినోనికి ఆట వస్తది, దాంట్ల ఏమున్నది బిడ్డా? ఇంట్ల ఇంకెవలికన్న వస్తదా?"

"నాకొస్తది. కాలువ అవతలికెళ్లి కొట్టి గా గడ్డిల ఆపుత. ఆగకుంటే దున్నుకో."

నోరు జారిందని తెలిసేలోపే మాట అయిపోయింది. మిగిలినవి రెండే బంతులు, తక్కినవన్నీ నేను కాలువకు సమర్పించినవే. కొంగు నడుముకు దోపి మా ఆయనతో కలిసి అవతలి గట్టుకు పోయాను. ట్రాక్టరతను ఇంజను ఆపి మరీ చూస్తున్నాడు. మొదటి బంతికి నా పాత చెయ్యే లేచింది. బంతి బుడుంగున నీళ్లలో మునిగింది. మామ నవ్వనైనా నవ్వలేదు, ట్రాక్టర్ వైపు తిరిగాడు.

మా ఆయన కిందికి వంగాడు. జేబులోంచి తునికాకు ముక్క తీసి రెండో బంతి ముందు పెట్టాడు.

"బాపును చూడకు, గడ్డిని చూడకు. గీ ఆకును చూడు. ఫికర్ చెయ్యకు" అన్నాడు.

ఆకునే చూశాను. కిందికి కొట్టాను. ఆకు తెగింది, దాని కింద మట్టి లేచింది. తల ఎత్తేసరికి బంతి కాలువ మీద ఉంది. గడ్డి మీద పడింది, ఒక్కసారి ఎగిరింది, కాస్త దొర్లి ఆగిపోయింది.

"చూసినవా మామా!" అని ఊరంతా వినబడేలా అరిచాను. మా ఆయన మాత్రం తెగిన ఆకును చేతిలోకి తీసుకుని చూసుకుంటున్నాడు. ఇన్నేళ్లలో ఆయన చేతి పనిని చూసి నేను అంత పొంగిపోయింది లేదు. నన్ను చూసుకుని కూడా అంతే పొంగిపోయాను, దాచుకోవడం దేనికి?

మామ ట్రాక్టరతనికి కింది మడి చూపించి "అటు పో" అన్నాడు. తర్వాత బంతి తెచ్చిస్తానంటూ గడ్డి వైపు నడిచాడు. అంచు దాకా వెళ్లి ఆగాడు. చెప్పులు విడిచి పక్కన పెట్టి, అప్పుడు తన కొడుకు పెంచిన గడ్డిలో కాలు పెట్టాడు.