నాయన చేతిదీపం

సరోజా, నువ్వు పెట్టిన రైల్వే చేతిదీపం ఫోటో బాగుంది గానీ, దాని కింద మా నాయనను ‘దొర’ అన్నావు చూడు, అది తప్పు. ఆయన అమ్మానాన్నలు ఐర్లండు నుంచి వచ్చిన మాట నిజమే. ఆయన మాత్రం పాకాలలో రైలింజను డ్రైవరు. బొగ్గుమసి కింద తెల్లతోలు ఉందని మా అమ్మ చెబితేనే నమ్మాలి.

కంటిపరీక్షలో తప్పితే ఉద్యోగం పోతుంది. ముందురోజు సాయంత్రం అలాంటి దీపమే వెలిగించి, నన్ను వీధి చివర నిలబెట్టాడు. నువ్వూ రైల్వేవాళ్ల పిల్లవే, ఆ కిరసనాయిలు వాసన, ఆ వేడిరేకు నీకూ గుర్తుండాలి. చేతులు లాగేస్తున్నా తలపైకి ఎత్తి పట్టుకున్నాను.

“ఇంకా ఎత్తలేదా అమ్మీ?” అని అరిచాడు.

“ఇదో, ఇప్పుడెత్తతా నాయనా” అన్నాను.

మర్నాడు పరీక్షలో ఏమవుతుందో నాకు అప్పుడే తెలిసిపోయింది.

రేపు వచ్చేటప్పుడు ఆ దీపం తీసుకురా. అద్దం పగలకుండా పాతచీరలో చుట్టు.