తెర వెనక కూర్చున్న సుంకప్ప

సుంకప్ప దేన్నీ ఒక్క పక్క నుంచి చూసి నమ్మే రకం కాదు. కుండ కొంటే బోర్లించి చూస్తాడు. గుళ్లో తీర్థం పోసినా వాసన చూసి గాని తాగడు. పెళ్లినాడు పీటల మీద కూర్చున్నది తాను చూసిన పిల్లేనా, లేక దాని అక్కనా అని ఆయనకు అనుమానమొచ్చింది. పెళ్లిచూపుల్లో ఆ పిల్ల తన మేకను చూపించిందట. ఆ మేక పేరేంటో చెబితేనే కడతానని తాళి చేతిలో పట్టుకుని మొండికేశాడు.

"బొల్లి అని నేను చెప్పేదాకా కట్టలా ఈయప్ప. అయ్యవారు మంత్రాలు రొండోతూరి చదివినాడు" అని ఆయన భార్య పెద్దక్క బోరింగు దగ్గర చెబుతుంటే బిందెలు పక్కన పెట్టి మరీ నవ్వుతారు ఆడవాళ్లు. సుంకప్పకు మాత్రం ఇందులో నవ్వేదేముందో ఇప్పటికీ అర్థం కాలేదు. "అడిగినా కాబట్టే తెలిసినాది" అంటాడు.

కుందుర్పి దగ్గర మా ఊరు. ఊళ్లో సుంకప్పకున్న ఆస్తి ఒక గొర్రెల మంద. చేను ఉందిగానీ, వాన మొహం చాటేసి రెండేళ్లుగా వేరుశనగ విత్తనాలకు సరిపడా కూడా తిరిగి రాలేదు. ఇక మేతకు మిగిలింది ఊరి బయట గద్దెకొండ. దానికి రెండు తలలు, ఒకటి ఎత్తు, ఒకటి కురచ. మా ఊరి నుంచి చూస్తే ఎత్తు తల ఎడమచేతి పక్కన ఉంటుంది. కొండకు అవతల తుమ్మలదొడ్డి. మేత దగ్గర ఆ ఊరితో మాకు పడదు. పడని విషయాలు ఇంకా ఉన్నాయిగానీ, మేత దగ్గర మరీ పడదు.

రెండువేల రెండు వేసవిలో "చినుకు" అనే సంస్థ వాళ్లు మా ఊరికి సినిమా పండగ తెచ్చారు. అడవుల సినిమాలు, నదుల సినిమాలు, కొండలెక్కే సాహసగాళ్ల సినిమాలు. రెండు సాయంత్రాలు సినిమా, మర్నాడు పొద్దున గ్రామసభ. గద్దెకొండను మూడేళ్లపాటు గొర్రెలకు మూసేసి చెట్లు పెంచాలా వద్దా అనేది ఆ సభలో చేతులెత్తి తేల్చుకోవాలి. మూస్తే సుంకప్ప మంద కసాయి లారీ ఎక్కాల్సిందే. దారి ఇంకోటి లేదు.

దండోరా వేసే బాలప్పను సుంకప్ప వీధిలోనే ఆపేశాడు.

"టిక్కెట్టు ఎంతప్పా?"

"టిక్కెట్టు లేదన్నా. ఊరికేనే."

"ఊరికేనా! ఎలక్షన్లు లేవు. పురుగుమందు కంపెనీ గూడా కాదు. ఊరికే ఎందుకు చూపిస్తారప్పా సినిమా?"

"చూస్తే ఏం పోతాది?"

"ఎరని చూసిన చేప గూడా అట్లే అనుకునింటాది."

మొదటి సాయంత్రం బడి ముందర రెండు గుంజలు పాతి తెల్లగుడ్డ కట్టారు. జనరేటరు గుడగుడమంది. ఊరంతా గుడ్డకు ముందర కూర్చుంటే సుంకప్ప కంబళి భుజాన వేసుకుని చుట్టూ తిరిగి వెనక్కి పోయి కూర్చున్నాడు. గుడ్డ పలచన కాబట్టి బొమ్మ అటుపక్కకూ కనిపిస్తుంది. తోడుగా ఆదెప్ప పోయాడు. ఆదెప్ప కూడా గొర్రెల కాపరే. సుంకప్ప ఎటు నడిస్తే అటు నడిచి, ఎందుకు నడిచామని తర్వాత అడుగుతాడు.

"ఈడ ఎందుకన్నా?"

"ముందర కూచుంటే వాళ్లు చూపించేది కనపడతాది. ఎనక కూచుంటే వాళ్లు దాచేది కనపడతాది."

తెర మీద మంచుకొండ. ఎర్ర కోటు వేసుకున్న మనిషొకడు తాడు పట్టుకుని గబ్బిలంలా వేలాడుతున్నాడు.

"పాపం, గొర్రి తప్పిపోయినాదేమో" అన్నాడు ఆదెప్ప.

"గొర్రి ఆడ యాడిదిరా? గడ్డే లేదు. కట్టెలకి గూడా పోలా. పని లేకుండా కొండెక్కే నాకొడుకు యాడన్నా ఉంటాడా? చేతిలో ఏముండాదో చూడు. మేకులు కొడతాండాడు. సర్వే!"

ఆదెప్ప నోరు తెరిచాడు. ఆ మాట తెర వెనక నుంచి ముందుకు పాకేసరికి, గద్దెకొండ మీద ఇప్పటికే మేకులు పాతేశారన్నంత దూరం పోయింది.

తర్వాత నది సినిమా. నురగలు కక్కుతున్న నీళ్లలో చిన్న పడవేసుకుని ఒకడు కేరింతలు కొడుతున్నాడు. అన్ని నీళ్లు చూసేసరికి ఆడవాళ్ల వరుస నిట్టూర్చింది.

"ఓ పాపా!" అని కేకేసింది పెద్దక్క. "ఆటలు చాలించి ఆ నీళ్లని ఇట్లా తిప్పమను ఆయప్పను!"

సినిమాలు వేస్తున్న సంస్థ అమ్మాయి అనుపమ పడీపడీ నవ్వింది.

"నవ్వుతాండాది చూడు" అన్నాడు సుంకప్ప. "బాగా నవ్వించినాకనే ఏలిముద్ర ఏయించుకునేది."

రెండో సాయంత్రానికి తెర వెనక కూడా జనం నిండారు. ఆ రోజు సంస్థ వాళ్లే తీసిన గద్దెకొండ సినిమా. తెర మీద కొండ కనిపించగానే ముందరున్నవాళ్లు ఈలలేశారు. వెనక సుంకప్ప లేచి నిలబడ్డాడు.

"ఆపండ్రీ!"

జనరేటరు తప్ప అన్నీ ఆగాయి.

"ఏమైందన్నా?" అంది అనుపమ.

"ఇది తుమ్మలదొడ్డి నుంచి తీసిన బొమ్మ! ఎత్తు తల కుడిచేతికి ఉండాది. మా ఊర్నుంచి చూస్తే ఎడమచేతికి గదా ఉండేది? కొండని ఆ ఊరోళ్లకి ఇచ్చేసి ఈడికొచ్చి మాకు బొమ్మ చూపిస్తాండారు!"

"అవును, కుడిచేతికే!" అన్నారు వెనకవాళ్లంతా.

"కండ్లు పోయినాయా? ఎడమచేతికే!" అన్నారు ముందరవాళ్లు.

గుడ్డకు అటొక ఊరు, ఇటొక ఊరు అయిపోయింది. కాలిచెప్పు ఒకటి తెర మీదుగా ఎగిరి ఎవరి నెత్తిమీదో పడింది. అప్పుడు పెద్దక్క లేచి, తెర అంచు దగ్గరికి పోయి, నెమలి బొమ్మ ఉన్న తన చీర కొంగు రెండు చేతులా పరిచి పట్టుకుంది.

"ఓయప్పా, ఈ నెమలి ఎట్లా పోతాండాది?"

"ఎడమకి."

కొంగును తిప్పింది. "ఇప్పుడు?"

సుంకప్ప మెడ సాచి చూశాడు. "కుడికి."

"నెమలి తిరిగినాదా, గుడ్డ తిరిగినాదా? ఎనక్కి పోయి కూచుని ముందరోళ్లని తిడతావేమయ్యా!"

ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. సుంకప్ప ముందుకొచ్చాడు, కానీ ఊరికే రాలేదు. "వీళ్లు బొమ్మ మారిస్తే కేకెయ్" అని ఆదెప్పను వెనకే కాపలా పెట్టి వచ్చాడు. అనుపమ సినిమా మొదటి నుంచి వేసింది. ఎత్తు తల ఎడమకే ఉంది. ఇక తప్పు ఒప్పుకుంటాడని అందరూ ఆయన మొహమే చూస్తున్నారు. ఆయన మాత్రం చివరిదాకా రెప్ప వేయకుండా తెరనే చూశాడు.

"కొండ మాదే" అన్నాడు. "సరే. నా గొర్రెలేవి?"

"ఏం గొర్రెలన్నా?"

"ఉడుముని చూపిస్తిరి. కౌజు పిట్టల్ని చూపిస్తిరి. దొంగముండ నక్కని గూడా చూపిస్తిరి. పొద్దు పొడిస్తే ఆడ్నే, పొద్దు గుంకితే ఆడ్నే మేము. మేము యాడ?"

అనుపమ కాస్త తడబడింది. "మంద పక్కకి పోయేదాకా ఆగి తీసినామన్నా. కొండ బాగా కనపడాలని."

"మేముంటే బాగుండదా?"

"అట్లా కాదన్నా..."

"మడిసి లేడు, గొర్రి లేదు. ఎవురూ లేని కొండని మూస్తే ఎవురికి నష్టం? రేపు పొద్దున చెయ్యెత్తమంటే అందరూ ఎత్తుతారు. ఈ సినిమా చూసినాక నాకే ఎత్తబుద్ధి అయితాండాది!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. ఈల వేసినవాళ్లలో గొర్రెలున్నవాళ్లు చాలామందే ఉన్నారు.

మర్నాడు గ్రామసభకు సుంకప్ప మందతో సహా వచ్చాడు. "సినిమాలో కనపడలా. మీటింగులోనన్నా చూడండి" అని బడి ఆవరణలోకి తోలాడు. పండగ కోసం కట్టిన మామిడాకుల తోరణాన్ని గొర్రెలు సర్పంచి కళ్లముందే నమిలేశాయి. ఆయన మైకు పట్టుకుని ఏదో అన్నాడుగానీ, ఆ అరుపుల్లో మైకు ఓడిపోయింది.

అనుపమ తన వాళ్లతో పక్కకు పోయి మాట్లాడి వచ్చింది. "సినిమాలో మేము మిమ్మల్ని మర్చిపోయినాము. ఒప్పుకుంటాండా" అంది. కొండంతా మూయొద్దని, ఎత్తు తల పక్కనే మూసి చెట్లు పెడదామని, నీటిగుంట ఉన్న కురచ తల పక్క గొర్రెలకే వదిలేద్దామని చెప్పింది. చేతులు లేచాయి. గొర్రెలున్నవాళ్లవీ లేచాయి. సుంకప్ప అందరి చేతులూ చూసి, తనది సగం ఎత్తాడు.

"గెలిస్తివి గదన్నా!" అన్నాడు ఆదెప్ప.

"అదే తెలీడంలా" అన్నాడు సుంకప్ప, గొంతు తగ్గించి. "అడిగీ అడగంగానే ఇచ్చేసిరి. గుంట పక్క మనకి ఎందుకిచ్చినారు? ఎత్తు తల కాడ ఏముండాదప్పా?"

"ఏమన్నా ఉండనీ" అంది పెద్దక్క వెనక నుంచి. "నిన్నట్నుంచి కడుపుకి లేదు వాటికి. తోరణం తింటాండాయి. ముందు తోలుకుపో."

ఆమె ముందరి పొట్టేలును అదిలించింది. మంద కురచ తల వైపు కదిలింది. సుంకప్ప కంబళి దులిపి భుజాన వేసుకుని, ఎత్తు తల వైపు ఒక కన్ను వేసి ఉంచి, మంద వెనకే నడిచాడు.