గంజి ముడి

మొన్న కొత్త నెయ్యి సీసా మూత తిప్పితే కింది ప్లాస్టిక్ రింగు టక్కున తెగింది. సీలు తెగి ఉంటే తీసుకోవద్దని దాని మీద రాసి ఉంది. నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో ఆ చిన్న చప్పుడుకే అమ్మ వేసే ముడి గుర్తొచ్చింది.

మాది ఎమ్మిగనూరు, నేత ఇల్లు. మూడు మగ్గాల మోతలో పిల్లకు చదువేం వస్తుందని ఆరో తరగతిలో నన్ను ఆదోనిలో మా మేనత్త దగ్గర ఉంచారు. పిల్లల్లేని అత్త నన్ను బాగానే చూసుకునేది. అయినా పత్తి మిల్లుల నుంచి దూది పింజలు ఎగిరొచ్చి కిటికీ ఊచలకు అంటుకునే ఆ ఇంట్లో, మగ్గం చప్పుడు వినపడక నాకు దిగులేసేది. వారమంతా శనివారం సాయంత్రం బస్సు కోసమే ఎదురుచూసేదాన్ని. అమ్మ కండక్టరు చేతికిచ్చి ఒక రేకు డబ్బా పంపేది, శ్రావణంలో పూర్ణం పెట్టి చేసిన, యాలకుల వాసనొచ్చే ఓళిగలు, చలికాలంలో నువ్వులద్దిన సజ్జ రొట్టెలు, ఏ కాలమైనా అడుగున బెల్లంపాకం బొరుగుల ఉండలు.

ఒకసారి దారిలో ఎవరో సగం ఉండలు తినేశారు. అప్పట్నుంచి అమ్మ డబ్బాకు గంజిలో ముంచిన నూలు చుట్టి, మగ్గం మీద తెగిన పోగుకు వేసే ముడి వేసేది. ఆరితే గట్టిగా బిగిసిపోయేది. విప్పితే మళ్లీ అలా వేయడం ఎవరి తరమూ కాదు. దారిలో ఎవరూ విప్పలేదని అమ్మకు తెలియాలంటే, నేను దారం తెంపి, ఆ ముడిని ఖాళీ డబ్బాలో వేసి తిరిగి పంపాలి. మొదటిసారి ఆ కట్టు చూసి అత్త ముఖం చిన్నబోయింది.

"మీ అమ్మ కంటికి నేను దొంగదాని మాదిరి కనపడ్తాండానా పాపా?"

అది బస్సులో వాళ్ల కోసమని చెప్పడానికి నాకు నోరు రాలేదు. మరుసటి శనివారం నుంచి వీధి మలుపులోనే నిలబడి, దారం పంటితో కొరికి, ముడితో సహా కాలవలో పారేసేదాన్ని. ఖాళీ డబ్బాలో ఆ ముడి కనపడినా అత్త బాధపడుతుందని, అంతే.

మూడు డబ్బాలు ముడి లేకుండా తిరిగి వెళ్లేసరికి అమ్మ నేరుగా బస్సెక్కి వచ్చింది.

"బస్సు దిగేటప్పుడు ముడి ఉండిందంట. ఈడికొచ్చినాక యాడ పోయింది వదినా?"

అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. అత్త ఏమీ అనలేదు. అమ్మ ఖాళీ డబ్బా సంచిలో వేసుకొని, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయింది. ఆ తర్వాత వాళ్లిద్దరూ మాట్లాడుకోలేదు. పదో తరగతి దాకా నేను అక్కడే ఉన్నాను. శనివారం వస్తే అలవాటుగా బస్టాండుకు పోయేదాన్ని.

"ఈ పొద్దు గూడా ఏం రాలేదు పాపా," అనేవాడు కండక్టరు.

ఇప్పుడు బస్సుల్లో అలా తిండి పంపేవాళ్లు లేరు, మా ఇంట్లో మగ్గాలూ లేవు. పోయిన నెల ఆదోని వెళ్లి, మంచం పట్టిన అత్త పక్కన కూర్చుని, ఆ ముడులు పారేసింది నేనేనని చెప్పేశాను.

"తెల్సులే పాపా. మిద్దె మీద నుంచి సూసినాను. ఆ పొద్దు సెప్పింటే మీ అమ్మ నిన్ను కొట్టేది గదా," అంది.

ఈ మాట వినాల్సింది అమ్మ. ఆమె పోయి మూడేళ్లయింది.